పాలబండి మడ్‌గార్డులు: విప్పడం, బిగించడం, మార్చడం

పాలబండికి మడ్‌గార్డు ఎందుకని అడిగితే, బండి రంగు పాడవకుండా అని చాలామంది చెబుతారు. వానాకాలంలో ఒకసారి బండి పక్కన నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మడ్‌గార్డు లేని చక్రం విసిరిన బురదనీరు పక్కపలక మీదుగా లేచి డబ్బాల మీద పడుతుంది. మూత చుట్టూ ఉన్న గాడిలో నిలుస్తుంది. కేంద్రంలో మూత లాగిన మరుక్షణం అందులో కొంత పాలలో పడుతుంది. రోడ్డు బురద అంటే మట్టి ఒక్కటే కాదు, పేడ కూడా. వాటిలోని సూక్ష్మజీవులు కొన్ని బీజరూపంలో ఉండి పాశ్చరైజేషన్ వేడికి కూడా చావవు.

బుచ్చయ్యపేట మండలంలోని ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు ఖర్చుల ఫైలులో ఒకే ఏడాదిలో మూడు మడ్‌గార్డుల వోచర్లు కనిపించాయి. మూడూ వెనుక ఎడమ చక్రానివే. అప్పట్లో ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. బిల్లులు దొంగవని నేను అనుమానించాను, అభ్యంతరం కూడా రాశాను. కార్యదర్శి కోపగించుకోలేదు. "కాగితంలో కాదండి ఇన్‌స్పెక్టరుగారూ, రేపు పొద్దున్నే వచ్చి బండి కింద చూడండి" అన్నారు.

తెల్లవారి అయిదు గంటలకు వెళ్ళి చూశాను. ఉండవలసిన నాలుగు బోల్టులలో రెండే ఉన్నాయి. ఆ రెండూ రెండు సైజులవి. మిగతా రెండుచోట్ల కట్టుతీగ. మడ్‌గార్డు లోపలికి వాలి టైరును ఒరుసుకొని, టైరు భుజం మీద గాటు పెట్టింది. "బిగించిన్రోజు బాగానే ఉంటాది బాబూ. వడ్డాది దాటి నాలుగు గోతుల్లో పడ్డాక ఒదులైపోతాది" అన్నాడు డ్రైవరు. భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద తిరిగినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. అభ్యంతరం నేనే కొట్టివేశాను. బిల్లులు నిజమైనవే. బిగింపులోనే తప్పు ఉంది.

ఆ నెలల మిథిలీన్ బ్లూ పరీక్ష ఫలితాలు తీయించి చూశాము. ఈ పరీక్షలో పాలలో కలిపిన నీలిరంగు 5 గంటలు, ఆపైన నిలిస్తే చాలా మంచి పాలని, అరగంటకే పోతే నాసిరకమని లెక్క. వేసవిలో బాగున్న సంఘం వానలలో దిగజారింది. పశువులు మారలేదు, పితికే చేతులూ మారలేదు. నేరమంతా మడ్‌గార్డుదే అనను. వానాకాలంలో కొట్టాలు కూడా తడిగానే ఉంటాయి. అయినా ఆ డబ్బాల మూతలు చూసినవాడిగా దాని వంతు తక్కువని కూడా అనలేను.

ఇక పనిలోకి వద్దాం. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత మన దారులలో చిన్న నాలుగు చక్రాల బళ్ళు పెరిగాయి. వాటి వెనుక మడ్‌గార్డులు సాధారణంగా ప్లాస్టిక్‌వి, ఇనుప పట్టీలకు బోల్టులతో బిగించి ఉంటాయి. విప్పేముందు డబ్బాలన్నీ దించాలి. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదురు చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మలు పెట్టాలి. చక్రం తీస్తే పని సులువు. కాని చక్రం నట్లను నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరవద్దు. చాసిస్ కింద స్టాండు గాని గట్టి దుంగ గాని ఉండి తీరాలి.

బురద కడిగి ఆరనిచ్చి, తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే డీజిలు పట్టించి ఉంచండి. పొద్దునకు సగం మొండితనం పోతుంది. నోరు తెరిచిన పానా కంటే రింగు పానా మేలు, నట్టు మూలలు అరగవు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 నంబరు, 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 నంబరు పానా సాధారణంగా సరిపోతుంది. ఏ బోల్టు ఎక్కడిదో సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. మా రోజులలో సుద్దముక్కతో గుర్తు పెట్టేవాళ్ళం, వాన పడితే అదీ పోయేది. ప్లాస్టిక్ క్లిప్పులుంటే నడిమి మేకును ముందు పైకి లేపి, తరువాత క్లిప్పు లాగాలి. ఒక్కసారిగా పెరికితే విరుగుతాయి. వెనుక దీపం తీగ దగ్గరగా పోతుంటే దాన్ని పక్కకు తప్పించి కట్టండి.

విప్పిన మడ్‌గార్డు తిరిగి పనికొస్తుందా లేదా అనేది బోల్టు రంధ్రాలు చెబుతాయి. మధ్యలో చిన్న పగులు అయితే, పగులు చివర సన్నని రంధ్రం చేస్తే అది ముందుకు పాకదు. పగులుకు అటూ ఇటూ రంధ్రాలు చేసి తీగతో కుట్టవచ్చు. రంధ్రం కొద్దిగా సాగితే పెద్ద వాషరు వేస్తే చాలు. రంధ్రమే అంచుదాకా చీలిపోతే మాత్రం కొత్తది తీసుకోవాలి. ఇనుపరేకు అయితే చిల్లులు పడేదాకా ఆగకుండా, తుప్పు గీకి రెండువైపులా, ముఖ్యంగా అంచులకు, రెడ్ ఆక్సైడ్ పూయండి.

బిగింపులోనే ఆ సంఘం మూడుసార్లు పొరపాటు చేసింది. మొదటి బోల్టును పూర్తిగా బిగించి, మిగతావాటిని లాగి కూర్చారు. అలా చేస్తే రేకు మెలిపడుతుంది, మొదటి గుంతకే చీలుతుంది. అన్ని బోల్టులనూ ముందు చేత్తో ఎక్కించి, మడ్‌గార్డును చక్రానికి సమంగా సర్ది, నడుమ నుంచి చివరలకు బిగించాలి. ప్లాస్టిక్‌కు ఇనుముకు మధ్య పాత ట్యూబు ముక్క వేస్తే రాపిడి ఉండదు. వాషరు ఆనిన తరువాత పావు చుట్టు చాలు, బలమంతా చూపితే ప్లాస్టిక్ పగులుతుంది. స్ప్రింగు వాషరు గాని నైలాన్ వలయం ఉన్న నట్టు గాని వాడండి. ఒకసారి విప్పిన నైలాన్ నట్టుకు పట్టు తగ్గుతుంది, కొత్తది వేయడం మంచిది.

ఖాళీ బండిని చూసి సరిపోయిందనుకోవద్దు. 40 లీటర్ల డబ్బా పాలతో కలిపి దాదాపు 50 కిలోలు. పదిహేను డబ్బాలు ఎక్కితే 750 కిలోలు. అంత బరువుకు కమానుపట్టీలు కుంగి టైరు పైకి వస్తుంది. బరువు ఎక్కించిన తరువాత టైరుకు మడ్‌గార్డుకు మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. వెనుక వేలాడే రబ్బరు పలక నేలకు జానెడు ఎత్తున ఉంటే బురదను ఆపుతుంది, గట్టుకు తగలదు. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూడాలి.

కొందరు కుర్రాళ్ళు వెడల్పు టైర్లు వేసి, మడ్‌గార్డు అంచులను బయటకు పొడిగిస్తున్నారు. పాలబండికి ఆ సోకు వద్దు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అదే కొలతలో కొత్త మడ్‌గార్డు వేసుకుంటే ఆ పేచీ లేదు.

అద్దె బండి అయితే మడ్‌గార్డు ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించండి. అది లేకనే యజమాని సంఘం వైపు, సంఘం యజమాని వైపు చూస్తూ వానాకాలం గడిపేస్తారు. ఆ సంఘం తరువాత పాలకవర్గ తీర్మానం చేసి, బోల్టులు, నట్లు, వాషర్లు ఒక రేకు డబ్బాలో పెట్టి స్టాకు రిజిస్టరులో ఎక్కించింది. డబ్బాలు దించగానే, మూత తీయకముందే, మూత గాడిని మంచినీళ్ళతో కడిగి గుడ్డతో తుడిచే పని పరీక్షకుడికి అప్పగించారు. మరుసటి ఏడాది ఫైలులో మడ్‌గార్డు వోచరు ఒక్కటే ఉంది, అదీ కుడి చక్రానిది.