ఈగలను బట్టు మొక్క: దానిని గొన్నవారికి కొన్ని మాటలు

గత జనవరి మాసమున బెంగుళూరు లాల్‌బాగ్ పుష్పప్రదర్శనమును జూడ బోయిన తనకల్లు సభ్యుడొకరు, తిరిగి వచ్చునపుడు త్రోవలో నొక వర్తకునియొద్ద చిన్న కుండీలోని మొక్క నొకదానిని తన కుమార్తె కోరగా గొని తెచ్చెను. దాని ఆకుల కొనలయందు పండ్లు గల నోళ్ళవంటివి యున్నవి. ఈగ వ్రాలినచో ఆ నోరు మూసికొనును. దీనిని వీనస్ ఫ్లైట్రాప్ అందురు. ఇది యింట నున్నచో దోమల బాధ తీరునని వర్తకుడు చెప్పెనట. నెల గడవకమునుపే ఆకులు నల్లబడ నారంభించెను. ఆ బాలిక కుండీని జేతబట్టుకొని తండ్రితో మాయొద్దకు వచ్చి, "సార్, దినామూ బోరు నీళ్లు పోస్తాండా, పశువుల ఎరువు గూడా ఏసినా. అయినా ఎందుకు ఎండిపోతాంది?" అని యడిగెను.

జవాబు మాకు వెంటనే తెలిసినది. ఏలయన, కొన్ని సంవత్సరముల క్రిందట మేమును అట్టి మొక్కనే కొని, సరిగా ఆ విధముగనే చంపితిమి. ఆ బిడ్డ చేసిన తప్పు ప్రేమచే జేసినది. మేము చేసినది, మొక్కల సంగతి మాకు దెలియునను గర్వముచే జేసినది. కావున ఈ మొక్కను గొన్న సభ్యులకు ఉపకరించునని మేము నేర్చుకొన్న దానిని ఇచట వ్రాయుచున్నాము.

పుట్టిన చోటు

మొక్కను బెంచువాడు ముందుగా దాని పుట్టినింటిని దెలిసికొనవలెను. ఈ మొక్క అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఉత్తర దక్షిణ కరోలినాల సముద్రతీర ప్రాంతమున, విల్మింగ్టన్ పట్టణమునకు సుమారు నూరు మైళ్ళలోపల నుండు చిత్తడినేలలలో దప్ప మరెచ్చటను సహజముగా బుట్టలేదు. 1759లో ఉత్తర కరోలినా గవర్నరగు ఆర్థర్ డాబ్స్ దీనిని గూర్చి మొదట వ్రాసెను. 1875లో ఛార్లెస్ డార్విన్ కీటకములను దిను మొక్కలపై నొక గ్రంథమునే ప్రకటించెను. అట్టి మొక్కలు మన దేశమునను లేకపోలేదు. తూర్పు కనుమలలో వానల తరువాత తడిసిన యిసుకనేలలయందు జిగురుబొట్లతో మెరయు చిన్న డ్రోసెరా మొక్కలును, చెరువు నీళ్ళలో యుట్రిక్యులేరియా అను తిత్తుల మొక్కలును గలవు.

ఆ చిత్తడినేల యిసుకయు, సగము కుళ్ళిన నాచును గలిసినది. ఎల్లప్పుడు తడిగా నుండును, పులుపుగుణము గలిగి యుండును. వాననీరు లవణములను గడిగివేయుటచే అందు నత్రజని మిక్కిలి తక్కువ. ఆ లోటును దీర్చుకొనుటకే ఈ మొక్క కీటకములను బట్టును. బలము నిచ్చు పిండిపదార్థమును మాత్రము తక్కిన మొక్కలవలెనే యెండలో తానే తయారుచేసికొనును.

మన వేరుసెనగయు నత్రజని తక్కువైన యెర్రనేలలోనే పండుచున్నదిగదా! అది వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సహాయమున గాలినుండి నత్రజనిని సంపాదించుకొనును. ఈ మొక్క ఈగనుండి సంపాదించుకొనును. రెండును బీదనేలలో బ్రతుక నేర్చినవే, కాని నేర్చిన విద్యలు వేరు. వేరుసెనగకు గాయ గట్టిపడుటకు సున్నపుశక్తి కావలెను. అందుచేతనే యెకరమునకు 200 కిలోల జిప్సము పూత, ఊడల దశలో వేయుడని మేము చెప్పుచుందుము. ఆ సున్నమే నీటిలో గలిసి వచ్చినచో ఈ మొక్క వేళ్ళకు విషమగును. ఒకదానికి అన్నమైనది మరియొకదానికి మృత్యువు. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కిన పోషణ యంతయు సులభము.

నీరు

మన ప్రాంతమున ఈ మొక్క లెక్కువగా జచ్చునది నీటివలననే. బోరునీటిలో సున్నము మొదలగు లవణము లుండును. నీరావిరియై పోవగా లవణములు కుండీలో నిలిచి, దినదినము పెరిగి, వేళ్ళను జంపును. నీటిలోని లవణములను గొలుచు చిన్న టి.డి.యస్. మీటరు కొద్ది వెలకే దొరకును. అది 50కి లోపుగ జూపిన నీరే ఈ మొక్కకు దగినది. మా యింటి బోరునీరు వందలలో జూపినది.

వాననీరు శ్రేష్ఠము. అది లేనపుడు, బ్యాటరీలలో బోయుటకమ్ము స్వేదనజలమును వాడవచ్చును. పొరపాటున బ్యాటరీ యాసిడ్‌ను దేరాదు. ఊరిలో డబ్బాలతో నమ్ము శుద్ధిచేసిన నీటినైనను మీటరుతో జూచియే పోయవలెను. కుండీని వెడల్పైన పళ్ళెములో నుంచి, పళ్ళెమున అంగుళములో సగమెత్తు నీరు నిలుపవలెను. మన్ను ఎన్నడును ఎండరాదు.

మన్ను, కుండీ

ఎర్రమన్ను, చెరువుమన్ను, పేడయెరువు, వానపాముల యెరువు, డి.ఏ.పి., యూరియా వీనిలో నేదియు దగదు. స్ఫాగ్నమ్ అను నాచునుగాని, ఆ నాచు కుళ్ళగా నేర్పడిన పీటునుగాని వాడవలెను. పీటులో బాగుగా గడిగిన ముతక యిసుకను గలుపవచ్చును. కాని యా యిసుక సున్నము లేనిదై యుండవలెను. ఇసుకపై నిమ్మరసము పిండినపుడు బుడగలు పొంగినచో దానిని విడువుడు. కొబ్బరిపీచు పొట్టులో నుప్పుండుట గలదు కావున, దానిని మంచినీట బలుమారులు నానబెట్టి కడుగక వాడరాదు. మంటికుండీనుండి లవణములు దిగవచ్చును, తడియు త్వరగా నారును. నాలుగంగుళములకు దక్కువ గాని లోతును, అడుగున రంధ్రములును గల ప్లాస్టిక్ కుండీ మేలు.

ఎండ

ఈ మొక్కకు దినమునకు నాలుగైదు గంటల నేరుటెండ కావలెను. అయినను, క్రొత్తగా దెచ్చినది నీడపందిరిలో బెరిగినదై యుండును. తెచ్చిన నాడే యెండలో బెట్టినచో మాడును. మొదట ఉదయపుటెండలో నొక గంట యుంచి, రెండు వారములలో గ్రమముగా హెచ్చింపవలెను. వేసవిలో మధ్యాహ్నము పలుచని నీడ నీయవలెను. ప్రయాణమున నలిగిన పాత ఆకులు నల్లబడుట సహజము. వానిని గత్తెరతో దీసివేయుడు. నడుమనున్న మొగ్గ పచ్చగా నున్నంతవరకు మొక్క బ్రతికియే యున్నది.

ఆహారము

ప్రతి నోటిలోపల రెండు ప్రక్కలను సాధారణముగా మూడేసి సన్నని వెండ్రుకలుండును. సుమారు ఇరువది సెకండ్లలోపల రెండుమారులు వానిని దాకినగాని నోరు మూసికొనదు. ఒక వానచినుకు దాకినంతనే వ్యర్థముగా మూసికొనకుండుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. పట్టిన ఈగను జీర్ణించుకొనుటకు వారము, పదిదినములు పట్టును. ఒక్కొక్క నోరు కొద్దిమారులు మాత్రమే పనిచేసి రాలిపోవును. కావున పిల్లలు వేలితో దాకి మూయించుట మొక్కను నీరసింప జేయుటయే.

బయట నుంచిన మొక్క తన చీమలను, ఈగలను తానే పట్టుకొనును. మాంసము, అన్నము, పాలు పెట్టరాదు, కుళ్ళును. దోమల బాధ దీరునను మాట నమ్మదగినది గాదు. వారమున కొక యీగను దిను నోరు ఇంటి దోమలనే తగ్గింపజాలదు, ఇక చేని పురుగులమాట చెప్పనేల? వింతకొరకు గొనవచ్చును గాని, మందనుకొని కొనరాదు.

చలికాలము

దీని పుట్టినింట చలికాలమున మంచు పడును. అప్పుడు మొక్క మూడు నాలుగు నెలలు నిద్రించును. మన చలి యందులకు జాలదు. ఆ నిద్ర లేనిచో మొక్క యేటేట క్షీణించును. చలికాలమున జల్లనిచోట నుంచి, పళ్ళెములోని నీరు కొంత తగ్గింపవలెను. కొందరు మొక్కను దీసి, వేళ్ళకు తడినాచు చుట్టి, సంచిలో బెట్టి, రెండు మూడు నెలలు ఫ్రిజ్జులో కూరగాయలుంచు అరలో నుంచుదురు. అట్లు చేయువారు బూజు పట్టకుండ నప్పుడప్పుడు చూచుచుండవలెను.

ఆ బాలిక మొక్క

ఆ దినమే మొక్కను కుండీనుండి తీసి, ఎరువంటిన మన్నంతయు స్వేదనజలముతో మెల్లగా గడిగి, నాచులో నాటితిమి. అప్పటికి నడిమి మొగ్గ యొక్కటియే పచ్చగా నుండెను. అది బ్రతుకునని మేము బాలికకు మాట యీయలేదు. వేసవియంతయు ఆమె కొలిచి నీరు పోసెను. తొలకరి వానలలో రెండాకులు, తరువాత మరి మూడాకులు వచ్చినవి. చలికాలము ఇంకను దాటవలసి యున్నది.

మా మొక్క మాత్రము తిరిగి రాలేదు. అది చచ్చిన పిదపనే, మా బోరునీటి నొక సీసాలో బట్టి పరీక్షకు బంపితిమి. ఇరువది యేండ్లుగా మన్నును నీటిని పరీక్షింపించుడని రైతులకు బోధించుచున్న మేము, మా యింటి నీటి నంతవర కొక్కమారైనను బరీక్షింపింపలేదు. మూడంగుళముల మొక్క చచ్చి మాకు బుద్ధి చెప్పినది. చేనిలోని పైరులు ఓర్పు గలవి. ఉప్పునీటిని గొన్ని యేండ్లు సహించి, దిగుబడి కొంచెము కొంచెముగా దగ్గించును గాని, ఒక్క నెలలో నల్లబడి మనలను హెచ్చరింపవు. 2015లో మొదలైన భూసార పరీక్ష పత్రములు మనలో ననేకుల పెట్టెలలో మడతవిప్పకయే యున్నవి. బోరునీటిని పరీక్షింపించినవారు అంతకన్న దక్కువ.

సోదరులారా, చిత్త, స్వాతి కార్తెల వానలు వచ్చుచున్నవి. ఈ మొక్క గలవారు తొలి జల్లును విడిచి, ఆరుబయట శుభ్రమైన పాత్రలలో వాననీరు పట్టి, దోమలు గ్రుడ్లు పెట్టకుండ మూతవేసి దాచుడు. ఇరువది లీటర్ల డబ్బాలు రెండున్నచో ఒక మొక్కకు వేసవి గడచును. మొక్క లేనివారు ఒక సీసా బోరునీరు పట్టి, పేరు, సర్వే నెంబరు వ్రాసి, పరీక్షకు బంపుడు.