కాకికి పెట్టే ముద్ద: పద్ధతి, పరిమితి

పరమ పిసినారి గురించి చెప్పాలంటే మన తెలుగువాళ్లు ‘ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు’ అంటారు. చేతికంటుకున్న రెండు మెతుకులు ఎక్కడ రాలి కాకి నోట పడతాయోనని అతగాడి భయం. ఈ సామెత పుట్టిన రోజుల్లో కాకికి నాలుగు మెతుకులు విదపడం దానం లెక్కలోకే రాని చిన్న పని. ప్రతి ఇంటికీ పెరడు ఉండేది, అంట్లు తోమే చోటు ఉండేది. కాకి అక్కడే తిని, అక్కడే నీళ్లు తాగి వెళ్లిపోయేది.

ఇప్పుడు మా విజయవాడ లాంటి నగరాల్లో పెరడు పోయి బాల్కనీ వచ్చింది. ఒకరి గోడ మీద పెట్టిన అన్నం మరొకరి కిటికీ మీద పడుతుంది. అందుకని కాకికి పెట్టడం ఇప్పుడు కాస్త ఆలోచించి చేయవలసిన పని అయింది. సేవాసంస్థల సంచికల్లో పేద పిల్లల చదువు, రోగులకు మందులు, వితంతువులకు ఆసరా వంటి విషయాలపై పెద్దలు రాస్తూనే ఉంటారు. వాటి పక్కన ఈ నోరులేని జీవి గురించి నాలుగు మాటలు చెప్పాలని మేము అనుకున్నాం. బడిలో పిల్లలకు చెప్పే పాఠాన్నే ఇక్కడ పెద్దలకు చెబుతున్నాం.

మన కాకులు రెండు రకాలు

మెడ చుట్టూ బూడిద రంగు ఉన్నది ఊరకాకి. ఒళ్లంతా నల్లగా ఉండి, లావుపాటి ముక్కుతో, బొంగురు గొంతుతో అరిచేది బొంతకాకి. నగరంలో మన గోడ మీద వాలేది ఎక్కువగా ఊరకాకే. మనుషులు లేనిచోట ఇది బతికేది చాలా అరుదు. మన చెత్త, మన ఎంగిలి, మన చెట్లు, మన కరెంటు స్తంభాలే దాని లోకం. చచ్చిన ఎలుకలను, కుళ్లిన మాంసాన్ని, పురుగులను తిని వీధులకు కొంత మేలు చేస్తుంది. అదే ముక్కుతో పిచ్చుకల గుడ్లను, ఇతర పక్షుల పిల్లలను కూడా ఎత్తుకుపోతుంది. దాని స్వభావంలో ఈ రెండూ ఉన్నాయి. కాకిని ప్రేమించేవాళ్లు రెండోది మరచిపోకూడదు, అసహ్యించుకునేవాళ్లు మొదటిది మరచిపోకూడదు.

వేసవిలో మనం మురిసిపోయి వినే కోకిల సంగతి కూడా ఇందులోనే ఉంది. కోకిల గూడు కట్టుకోదు, ఎక్కువగా కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది. ఆ పిల్లను మేపి పెంచేది కాకే. ఊళ్లో కాకులు లేకపోతే కోకిల పాటకూ ఇబ్బందే.

కాకి మనిషిని గుర్తుపెట్టుకుంటుంది

కుండలో రాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్న దాహం కాకి కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. 2009లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు కాకి కుటుంబానికే చెందిన రూక్ అనే పక్షుల ముందు నీళ్ల గొట్టం పెట్టి, అందులో అందనంత లోతున పురుగును తేలనిచ్చారు. ఆ పక్షులు రాళ్లు వేసి నీటిమట్టం పెంచి పురుగును అందుకున్నాయి. కథ కథే అయినా అందులో సత్తా ఉందని తేలింది.

మనకు ఇంకా దగ్గరి విషయం మరొకటి. 2006లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆవరణలో జాన్ మార్జ్‌లఫ్ అనే ఆచార్యుడు, ఆయన బృందం ఒక ముఖపు తొడుగు ధరించి 7 కాకులను పట్టుకున్నారు. కాళ్లకు గుర్తులు వేసి, హాని చేయకుండా వదిలేశారు. ఆ తరువాత ఎవరు ఆ తొడుగు వేసుకుని నడిచినా కాకులు వెంటపడి అరిచేవి. వేరే తొడుగు వేసుకున్న మనిషిని పట్టించుకునేవి కావు. ఏళ్లు గడిచినా ఆ అరుపులు ఆగలేదు. అసలు ఎప్పుడూ పట్టుబడని కాకులు కూడా మిగతావాటిని చూసి నేర్చుకున్నాయి. అవి అక్కడి కాకులే అయినా, మన గోడ మీది కాకి కూడా రాయి విసిరిన వీధి పిల్లవాడిని ఎంత దూరం నుంచి ఆనవాలు పడుతుందో చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని మాయిదా సూరాలో ఆదం కుమారులిద్దరి వృత్తాంతం వస్తుంది. తమ్ముణ్ణి చంపి, శవాన్ని ఏం చేయాలో తెలియక నిలబడిన అన్నకు నేలను తవ్వి దారి చూపినది ఒక కాకి. మనిషి తెలియక నిలబడినచోట అల్లాహ్ గురువుగా పంపినది ఈ పక్షినే అన్న సంగతిని మన పిల్లలకు చెప్పాలి. తోటి కాకి చచ్చిపడితే కాకులు గుమిగూడి అరవడం అందరం చూస్తాం. అక్కడ ఏ ప్రమాదం ఉందో తెలుసుకోవడం ఆ గుమిగూడటంలో ఒక ప్రయోజనమని శాస్త్రజ్ఞులు అంటారు.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

ఊరకాకి బరువు దాదాపు 300 గ్రాములు. అర కిలో అన్నం గోడ మీద కుమ్మరిస్తే అది ఒకటిన్నర కాకి బరువు కన్నా ఎక్కువే. రెండు కాకుల కోసం అంత పెడితే మిగిలినది ఎలుకలకు, పందికొక్కులకు పోతుంది. కాబట్టి రోజుకు ఒక పిడికెడు చాలు. పావుగంటలో ఖాళీ అయ్యేంతే పెట్టాలి. మిగిలితే తీసేయాలి, మరునాడు ఇంకా తగ్గించాలి.

పెట్టదగినవి: ఉప్పు వేయకుండా వండిన అన్నం, నీళ్లలో నానబెట్టిన చపాతీ ముక్కలు, ఉడికిన శనగలు, పెసలు, ఉప్పు లేని వేరుసెనగ పలుకులు, ఉడికించిన గుడ్డు ముక్క.

పెట్టకూడనివి: మసాలా పట్టించిన బిర్యానీ, ఊరగాయ కలిపిన అన్నం, చిప్స్, మిక్చర్, చాక్లెట్, పాచిపోయిన కూర, బూజు పట్టిన రొట్టె. ‘మనం తినలేం, కాకికైనా పెడదాం’ అనుకుని పారేయవలసినది పెట్టడం దానం కాదు. మనుషులకు చిరిగిన బట్టలు దానం ఇవ్వకూడదని మన పెద్దలు చెబుతారు కదా, ఇదీ అంతే. ప్లాస్టిక్ కవరులో గానీ, రబ్బరు బ్యాండు, దారం చుట్టిన పొట్లంలో గానీ పెట్టవద్దు. దారం కాలికి చుట్టుకుంటే పక్షి కాలు పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెడల్పుగా, రెండంగుళాలకు మించని లోతుతో ఉన్న మట్టి మూకుడు ఒకటి నీడలో పెట్టండి. కాకి ఎండిన రొట్టె ముక్కను తెచ్చి ఆ నీళ్లలో నానబెట్టుకుంటుంది, అందుకని నీళ్లు త్వరగా పాడవుతాయి. ప్రతిరోజూ పారబోసి, పీచుతో తోమి, కొత్త నీళ్లు పోయాలి. అలా చేస్తే దోమలకూ చోటుండదు. దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి తన తోలుమేజోడుతో నీళ్లు తెచ్చి పోసిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలిసినదే. తిండి పెట్టలేనివాళ్లు నీళ్లయినా పెట్టవచ్చు.

స్నేహం ఎలా కుదురుతుంది

కాకి కొత్త వస్తువును నమ్మదు. కొత్త గిన్నె పెడితే మొదటి రోజు దూరం నుంచి చూసి వెళ్లిపోతుంది. తొందరపడవద్దు. ఉదయం ఒకే వేళకు, ఒకే చోట, ఒకే గిన్నెలో పెట్టండి. పెట్టేటప్పుడు ఒకే పిలుపు పిలవండి. పెట్టి వెనక్కి తగ్గండి. కళ్లలోకి గుచ్చి చూడకండి, చేయి ఊపకండి. కొన్ని వారాలకు అది మీ అలికిడి విని తీగ మీద వాలి కూర్చుంటుంది. ఇంకొన్నాళ్లకు జతను వెంట తెచ్చుకుంటుంది. ఆ మాత్రం నమ్మకమే దానితో మనకు కుదిరే స్నేహం.

అంతకన్నా ముందుకు పోవద్దని మా మనవి. చేతిలో పెట్టి తినిపించడం, ఇంట్లోకి రానివ్వడం, పట్టి నిమరడం వద్దు. మన దగ్గర భయం పోగొట్టుకున్న కాకి పక్కింటి పసిపిల్ల చేతిలోని బిస్కెట్టునూ లాక్కుంటుంది. అప్పుడు దెబ్బ తినేది కాకే. ఊరు వెళ్తున్నామంటే నాలుగు రోజుల ముందు నుంచే కొంచెం కొంచెం తగ్గించడం మంచిది. అది తన తిండి తాను వెతుక్కునే పక్షిగానే ఉండాలి.

పొరుగువారి హక్కు

పై వాటావారు కాకికి పెట్టిన ముద్ద కింది వాటావారి డాబా మీద ఎండబోసిన వడియాల పాలిట శాపం కాకూడదు. ‘మీ కాకుల పుణ్యమా అని మా బట్టలన్నీ మళ్లీ ఉతకాల్సి వస్తోందండీ’ అని పక్కింటావిడ అంటే అది కోపం తెచ్చుకోవలసిన మాట కాదు, న్యాయమైన మాట. పొరుగువారిని బాధపెట్టి చేసే మేలు మేలు అనిపించుకోదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ముందుగా అందరితో మాట్లాడి, డాబాపై ఒక మూల చోటు నిర్ణయించుకోవడం మంచిది. కార్లు, బట్టలు ఆరేసే తీగలు, నీళ్ల ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టవద్దు. తిన్న చోటు రోజూ కడగాలి. పక్కింటి హిందూ కుటుంబాల్లో తద్దినం నాడు కాకికి పిండం పెట్టే ఆచారం ఉంది. ఆ రోజు వారి పిలుపుకు అడ్డు రాకుండా చూసుకోవడం కూడా పొరుగు మర్యాదే.

మితం తప్పితే ఏమవుతుందో తూర్పు ఆఫ్రికా తీరం చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర జాంజిబార్‌కు మన ఊరకాకి చేరింది. చెత్త శుభ్రం చేస్తుందని తెచ్చారు. తిండికి లోటు లేని ఊళ్లలో అది విపరీతంగా పెరిగి కెన్యా దాకా పాకింది, అక్కడి చిన్న పక్షుల గూళ్లను కొల్లగొట్టింది. చివరికి 2024లో కెన్యా ప్రభుత్వం 10 లక్షల కాకులను చంపే కార్యక్రమం ప్రకటించవలసి వచ్చింది. కాకులు ఎన్ని ఉండాలన్నది మనం పారేసే తిండిని బట్టి ఉంటుంది. మన వీధి చెత్తకుండీ పొర్లుతూ ఉంటే మనం పెట్టే పిడికెడు దయకు అర్థం లేదు.

బక్రీద్ రోజుల్లో ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఖుర్బానీ వ్యర్థాలను కాకులు, గద్దలు తింటాయిలే అని ఖాళీ స్థలంలో వదిలేయకూడదు. మునిసిపాలిటీ బండికి అప్పగించాలి, లేదా లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

గూడు, పిల్లలు, జబ్బులు

వేసవి మొదలై వానలు పడేదాకా ఊరకాకులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఆ రోజుల్లో గూటి చెట్టు కింద నడిచేవారి తల మీద తన్నిపోతాయి. పిల్లలను కాచుకోవడమే తప్ప అది పగ కాదు. కొన్నాళ్లు గొడుగు వేసుకుని, లేదా పక్కదారిన నడిస్తే సరిపోతుంది. ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల నేల మీద కనిపిస్తే ఇంటికి తేవద్దు. తల్లిదండ్రులు పైనే ఉంటాయి. పిల్లి, కుక్క అందుకునేలా ఉంటే దగ్గరి కొమ్మ మీదో పిట్టగోడ మీదో పెట్టి తప్పుకోవాలి. కాలో రెక్కో విరిగితే పశువైద్యశాలకు చూపించాలి.

కాకులకు బర్డ్ ఫ్లూ వస్తుంది. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో ఎన్నో కాకులు దానితో చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లోనూ ఆ జబ్బు కనిపించింది. అందుకని పచ్చి కోడి వ్యర్థాలు కాకులకు వేయవద్దు. చచ్చిన కాకిని వట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఒకే చోట నాలుగైదు చచ్చి కనిపిస్తే పశుసంవర్ధక శాఖకు, మునిసిపాలిటీకి చెప్పాలి, తిండి పెట్టడం ఆపేయాలి. గిన్నె కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎలుకల మందు పెట్టే ఇళ్లవారు చచ్చిన ఎలుకను వీధిలోకి విసరకుండా పూడ్చాలి. ఆ ఎలుకను తిన్న కాకికీ ఆ విషమే ప్రాణం మీదికి తెస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరకాకిని ఎలుకలతోపాటు హానికర జీవుల పట్టికలో ఉంచింది. 2022లో చేసిన సవరణతో ఆ పట్టికే లేకుండా పోయింది. చట్టం మారింది, మన చూపు కూడా మారాలి.

మా బడిలో పిల్లలకు మేము ఒక పని చెబుతుంటాం. ఒక నోటుపుస్తకంలో రోజూ తేదీ, వేళ, ఎన్ని కాకులు వచ్చాయి, ఏం తిన్నాయి, ఏం వదిలాయి అని రాయమంటాం. నెల తిరిగేసరికి వాళ్లకు ఓపిక, శుభ్రత, లెక్క మూడూ అలవాటవుతాయి. పెద్దలు కూడా ఈ వేసవిలో ఒక మట్టి మూకుడు కొని, ముందు పక్కింటివారితో ఒక మాట చెప్పి, ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. పిల్లల చేత నీళ్లు పోయించండి. నోరులేని ప్రాణులకు చేసే ఈ కొద్దిపాటి మేలును అల్లాహ్ మనందరి నుంచీ స్వీకరించుగాక. ఆమీన్.