నడుము కింద ఏం జరిగింది?

ఎల్విస్ ప్రెస్లీ పాత వీడియో చూస్తుంటే నాకో డౌట్ వచ్చింది. కెమెరా కిందికి ఎందుకు దిగట్లేదు? అది 1957 జనవరి 6, అమెరికాలో ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ చూసే ఎడ్ సలివన్ షో.

అంతకుముందు జూన్‌లో మిల్టన్ బెర్ల్ షోలో నడుము ఊపాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. జులైలో స్టీవ్ అలెన్ అయితే సూటు తొడిగించి, నిజం కుక్కని ఎదురుగా పెట్టి పాడించాడు. పాపం ఇద్దరూ!

సలివన్ షో లైవ్. తర్వాత కత్తిరించడం కుదరదు, చేతిలో ఉన్నది ఫ్రేమ్ ఒక్కటే. అందుకే నడుము పైవరకే చూపించారు. కానీ స్టూడియోలో కూర్చున్న అమ్మాయిలకి మొత్తం కనిపిస్తోంది కదా! ఇళ్లలో వాళ్లకి కాళ్లు కనపడవు, ఆ అమ్మాయిల కేకలు మాత్రం వినపడతాయి. ఏ కేకకి ఏ స్టెప్పో ఊహించుకోవాల్సిందే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేనూ అదే చేశా.