చూడని యంత్రానికి ప్రోగ్రాము

ఎదుట లేని కుర్రాడికి చొక్కా కుట్టమంటే దర్జీ ముందుగా ఏమంటాడు? "కొలతలున్నాయా?" అంటాడు. ఉంటే కుట్టవచ్చు, లేకపోతే గుడ్డ దండగ. ఇంకా విడుదల కాని కంప్యూటర్‌కు ప్రోగ్రాము రాయాలా, వద్దా అని తేల్చుకోవటమూ అటువంటిదే.

1974 డిసెంబరులో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం దగ్గర, పత్రికల దుకాణంలో పాల్ ఆలెన్ అనే 21 ఏళ్ళ యువకుడు "పాపులర్ ఎలక్ట్రానిక్స్" జనవరి సంచిక చూశాడు. అట్టమీద ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ బొమ్మ. (తమాషా ఏమిటంటే ఆ బొమ్మలోది ఉత్త డబ్బా! అసలు నమూనా పత్రిక వారికి చేరకుండా దారిలోనే మాయమైంది.) ఆలెన్ ఆ సంచిక తీసుకుని, హార్వర్డ్‌లో చదువుతున్న తన స్నేహితుడు బిల్ గేట్స్ దగ్గరికి పరుగెత్తాడు. గేట్స్‌కు అప్పుడు 19 ఏళ్ళు.

ఆ యంత్రంతో పనిచేయించాలంటే ముందున్న మీటలను పైకీ కిందికీ వేస్తూ ఆదేశాలను అంకెల రూపంలో ఎక్కించాలి. దానికి బదులు "బేసిక్" అనే సులువైన కంప్యూటర్ భాష అమర్చితే? ఆల్బుకర్కీ నగరంలో ఆల్టెయిర్‌ను తయారుచేస్తున్న ఎడ్ రాబర్ట్స్‌కు, తమ దగ్గర బేసిక్ ఉందని కబురు చేశారు. నిజానికి అప్పటికి ఒక్క ముక్క కూడా రాయలేదు! ఇది మాత్రం మెచ్చుకోదగ్గ పని కాదు. పనిచేసేది తెచ్చి చూపించమన్నాడు రాబర్ట్స్.

యంత్రం లేకుండా ఎలా రాయటం? ఆల్టెయిర్ కొత్తదే గాని, దాని మెదడు అప్పటికే అమ్మకంలో ఉంది. అది ఇంటెల్ 8080 అనే మైక్రోప్రాసెసర్. ఏ ఆదేశమిస్తే ఏం చేస్తుందో వివరించే పుస్తకం కూడా దొరుకుతోంది. ఇవే కొలతలు! ఆలెన్ ఆ పుస్తకం ముందు పెట్టుకుని, హార్వర్డ్‌లోని పి.డి.పి.-10 అనే పెద్ద కంప్యూటర్ చేత 8080 వేషం వేయించాడు. "ఫలానా గదిలోని సంఖ్యకు ఒకటి కలుపు" అనే ఆదేశం వచ్చిందనుకోండి. పెద్ద కంప్యూటర్ తన జ్ఞాపకంలో ఒక మూలను ఆ గదిగా భావించి, అక్కడ ఒకటి కలుపుతుంది. ఇలా 8080 కోసం రాసిన ప్రతి వరుసనూ, 8080ని కంటితో చూడకుండానే నడిపి చూశారు. దశాంశాల లెక్కలు మాంటీ డేవిడాఫ్ అనే మరో విద్యార్థి రాశాడు. ఎనిమిది వారాలు పట్టింది.

పుస్తకంలో ఒక్క ఆదేశాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా వేషం తప్పే, బేసిక్కూ తప్పే. అది బయటపడేది రాబర్ట్స్ ఎదుటే.

1975 మార్చిలో ఆలెన్ చిల్లుల కాగితపు టేపుతో విమానమెక్కాడు. దారిలో గుర్తొచ్చింది: టేపును చదవమని యంత్రానికి చెప్పే చిన్న ప్రోగ్రాము రాయనేలేదు! విమానం దిగేలోపల కాగితంమీద రాసేశాడు. మర్నాడు టేపు ఎక్కింది. రెండూ రెండూ కలపమంటే టెలిటైపు 4 అని కొట్టింది. ఆ ఏడే ఇద్దరూ కలిసి మైక్రోసాఫ్ట్ కంపెనీ పెట్టారు.

అయితే కొలతలు సరిపోయినంత మాత్రాన చొక్కా అమ్ముడవుతుందా? 1987లో ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ కలిసి, కంప్యూటర్లను నడిపించే ఓఎస్/2 అనే కొత్త మూల ప్రోగ్రామును ప్రకటించాయి. లోటస్ కంపెనీ దాన్ని నమ్మింది. పేరుమోసిన తన లెక్కల ప్రోగ్రాము 1-2-3 కొత్త రూపాన్ని ముందుగా దానికే కుట్టింది. అది 1990లో వెలువడింది, చక్కగా పనిచేసింది కూడా. కాని ఆ ఏడే వచ్చిన విండోస్ 3.0 వైపు జనం తరలిపోయారు. విండోస్‌కు పనికొచ్చే 1-2-3 తయారయ్యేసరికి 1991 వచ్చింది. అక్కడ మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ 1987 నుంచీ ఉంది.