మందుకు లొంగని మట్టి

నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరమునకు వెళ్ళే దారిలో ఇందుకూరుపేట వస్తుంది. పెన్నా కాలువల నీటితో వరి పండే మాగాణి, సముద్రము దగ్గరయ్యే కొలది రొయ్యల గుంటలు ఆ ప్రాంతమున కనిపిస్తాయి. ఇటువంటి తడి నేలల గట్ల మీద, కాలువల అంచులలో సరస్వతి ఆకు, గుంటగలగర, పొన్నగంటి పెరుగుతాయి. పిల్లల జ్ఞాపకశక్తికని సరస్వతి ఆకు పచ్చి రసమును తేనెతో ఇచ్చే తల్లులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. ఆకును గుర్తుపట్టి కోస్తాము గాని, అది పెరిగిన నేల ఎటువంటిదని అడగము.

ఆయుర్వేదము ఆ ప్రశ్న అడిగింది. ఔషధములను ఎటువంటి భూమి నుండి తేవలెనో చెప్పుటకు సుశ్రుత సంహిత సూత్రస్థానములో ఒక అధ్యాయమే ఉన్నది. శ్మశానములు, పుట్టలు, చవుడు గల చోట్లను వర్జించమన్నారు. చరకుడు విమానస్థానములో గాలి, నీరు, దేశము, కాలము చెడినప్పుడు ఊళ్ళకు ఊళ్ళే వ్యాధుల పాలవుతాయని వివరించాడు. దేశమనగా అక్కడ నేల. ఆ పెద్దలకు సూక్ష్మక్రిముల సంగతి తెలుసునని వాదించుట మా ఉద్దేశము కాదు. నేల చెడితే మందు చెడుతుందన్న వారి దృష్టి మాత్రము నేటి పరిశోధనకు బాగా దగ్గరగా ఉన్నది.

ఏంటీబయాటిక్ మందులలో అనేకము మట్టిలో పుట్టినవే. క్షయకు తొలి మందైన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి తీశారు. మట్టిలోని జీవులు ఒకదానిపై ఒకటి ఇటువంటి విషములను ప్రయోగిస్తాయి. ఎదుటి జీవి విషమునుండి తప్పించుకొనే ఉపాయములనూ సమకూర్చుకుంటాయి. కనుక మందుకు లొంగకపోవుట క్రిములకు కొత్త విద్య కాదు. 30,000 ఏండ్లనాటి గడ్డకట్టిన నేలలోను ఆ విద్యకు మూలమైన జన్యువులు ఉన్నట్లు 2011లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

కొత్తదనము మోతాదులో ఉన్నది. మందు పదేపదే పడే నేలలో లొంగే క్రిములు చనిపోతాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. అంతటితో ఆగదు. తమ ఉపాయమును ప్లాస్మిడ్లనెడి చిన్న జన్యుపు తునకల రూపములో పొరుగు క్రిములకు, వేరొక జాతి వాటికి సైతము అందజేస్తాయి. మట్టిలోని నిరపాయకరమైన క్రిములలోను, మనుషులకు రోగము కలిగించే క్రిములలోను అచ్చముగా ఒకే విధమైన జన్యువులు ఉన్నట్లు 2012లో అమెరికా పరిశోధకులు చూపారు. నెదర్లాండ్సులో 1940 నుండి భద్రపరచిన మట్టి నమూనాలను పరీక్షించగా, ఏండ్లు గడిచిన కొలది ఈ జన్యువులు పెరుగుతూ వచ్చినట్లు తేలింది.

ఇక మన జిల్లా సంగతి. నేలను వాడే తీరును బట్టి అందులో పడే మందు మారుతుంది. వరికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మకు గజ్జి తెగులు వస్తే స్ట్రెప్టోసైక్లిన్ చల్లే అలవాటు ఏర్పడింది. అందులో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులు, మనుషులకు వాడేవే! నిమ్మకు దానితో రాగి మందు కూడా కలుపుతారు. రాగిని తట్టుకొనే గుణము, ఏంటీబయాటిక్‌ను తట్టుకొనే గుణము క్రిములలో తరచు జంటగా ఉంటాయి గనుక రాగి ఒక్కటే పడినా రెండవ గుణము నిలిచే వీలున్నది. వ్యవసాయములో ఈ రెండు ఏంటీబయాటిక్‌లను నిషేధించుటకు కేంద్ర ప్రభుత్వము 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది.

రొయ్యల గుంటల కథ ఇంకా పెద్దది. 1990 తరువాత టైగర్ రొయ్య లాభములు చూసి ఈ తీరములో వరి నేలలు సైతము గుంటలయ్యాయి. 1994లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి రైతులను కుదేలు చేసింది. అది వైరస్ వ్యాధి. ఏంటీబయాటిక్ దానిపై పనిచేయదు. మనము జలుబుకు ఏంటీబయాటిక్ బిళ్ళలు మింగుట కూడా ఇటువంటిదే గనుక రైతును తప్పుపట్టే అర్హత మనకు తక్కువ. మేతలో కలిపిన మందులో కొంత నీటిలోను, అడుగు బురదలోను చేరుతుంది. పంట తీసిన తరువాత ఆ నీరు కాలువలకు, ఆ బురద గట్లకు చేరుతుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వ్యవసాయ భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదని ఆదేశించింది. తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు 2005లో ప్రత్యేక చట్టము వచ్చింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి నిషిద్ధములు.

మందు తయారయ్యే చోటి సంగతి మరీ విపరీతము. పటాన్‌చెరు వద్ద ఔషధ పరిశ్రమల మురుగు శుద్ధి చేసే కేంద్రము నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రకటించారు.

అయితే పచ్చి ఆకు తిన్నంత మాత్రాన రోగము వస్తుందా? రాదు. మట్టి క్రిములు చాలావరకు పేగులలో నిలువవు. కాని పోతూపోతూ అక్కడి క్రిములకు తమ ఉపాయమును అందజేసే అవకాశమున్నది. రేపు ఆ బిడ్డకు మూత్రనాళములోనో, గాయములోనో చీము పట్టినప్పుడు డాక్టరు ఇచ్చిన మందు పనిచేయకపోతే, కారణము ఏ గట్టు మీద ఉన్నదో ఎవరికీ తెలియదు.

కనుక గుంటల గట్ల మీది, మురుగు కాలువల అంచులలోని ఆకును మందుకు తేరాదు. బయటి ఆకును పలుమార్లు కడిగినా క్రిములు పూర్తిగా పోవు. పప్పులోనో, కషాయముగానో ఉడికించి వాడుట మేలు. కోళ్ళ ఎరువును, మందులు వాడుతున్న పశువు పేడను పచ్చిగా పెరటి మడులకు వేయరాదు. కుప్పవేసి, లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టి, చల్లారి, బాగా మాగిన తరువాతనే వాడవలెను. మిగిలిన బిళ్ళలను మొక్కల మొదట్లో పారవేయుట కొన్ని ఇళ్ళలో ఉన్నది, అది మానవలెను. టైఫాయిడ్ వంటి జ్వరములకు పసుపు, వేప ప్రత్యామ్నాయములు కావు. వైద్యుడు వ్రాసిన ఏంటీబయాటిక్‌ను ఆయన చెప్పిన రోజుల పాటు వాడవలసినదే.

సరస్వతి ఆకు తీగకు కణుపు కణుపునా వేళ్ళుంటాయి. శుభ్రమైన ఎర్రమట్టి, మాగిన ఆకుల ఎరువు నింపిన కుండీలో ఒక కణుపు నాటి, కొంచెము నీడలో ఉంచి, తడి ఆరకుండా చూస్తే కొద్ది వారములలో అల్లుకుంటుంది. తెచ్చినప్పటి ఆకులను తుంచి పారవేసి, కొత్తగా వచ్చిన ఆకులనే పిల్లలకు వాడవలెను.