తండ్రి జీవితం, కుమారుని చరిత్ర

నేటి తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి పేరు వినగానే, 1888లో అక్కడ జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మనకు గుర్తుకు వస్తారు. ఆయన కుమారుడైన చరిత్రకారుడు గోపాల్‌ను మనం అంతగా తలచుకోము.

తండ్రి 1949 నుంచి 1952 వరకు స్టాలిన్ ఏలుబడిలోని మాస్కోలో మన రాయబారి. 1962 చైనా యుద్ధం నాటికి ఆయన రాష్ట్రపతి. కుమారుడు విదేశాంగశాఖ చరిత్ర విభాగానికి అధిపతి. 1975 ఏప్రిల్‌లో తండ్రి కన్నుమూశారు. జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది.

గోపాల్ 1989లో తండ్రి జీవితచరిత్రను ఆంగ్లంలో వెలువరించారు. పుత్రప్రేమ ఉన్నా, తండ్రి లోపాలను దాచలేదు. జ్ఞాపకాన్ని పత్రాలతో సరిచూడడమే చరిత్రకారుని పని.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆనాటి సంగతులు చెప్పగల పెద్దలు మన ఇళ్లలో ఉంటే, వారి మాటలను ఇప్పుడే రాసుకుందాం, తేదీలను సరిచూద్దాం.