కల్పిత నగరం, వాస్తవ సంధి: ద్వారకా తిరుమల – ఏలూరు – కొల్లేరు ప్రాంతంలో వనరుల లేమి, వర్తకం

వ్యాససంగ్రహం:

వనరులు తక్కువగా ఉండి, సాంకేతికత అంతంతమాత్రంగా ఉన్న నగరం ఎలా బతుకుతుందన్న ప్రశ్నను తత్త్వవేత్తలు, ఆర్థికవేత్తలు తరచుగా ఒక కల్పిత నగరాన్ని నిర్మించి పరిశీలించారు. ప్లేటో, ట్యూనెన్ నిర్మించిన రెండు కల్పిత నగరాలను ప్రాతిపదికగా తీసుకొని, ద్వారకా తిరుమల, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు గ్రామాల వర్తక జీవనాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. వనరులు లేని ఊరు తన నేల మీద కాక, భిన్నమైన నేలలు కలిసే సంధి మీద బతుకుతుందని, ఆ సంధిపై హక్కు ఎవరిదన్న దానినిబట్టే లాభం ఎవరికి చేరుతుందో తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వనరుల లేమి, సంధిస్థలం, యాత్రా ఆర్థికం, ఏలూరు తివాచీలు, జలరవాణా, కొల్లేరు, ఉమ్మడి హక్కు.

1. ఉపోద్ఘాతం:

ఒక ఊరి సంపదను లెక్కించేటప్పుడు అక్కడ ఏం పండుతుంది, ఏం దొరుకుతుంది అని అడగడం పరిపాటి. ఈ ప్రశ్నతో మొదలుపెడితే కొన్ని ఊళ్ల ఉనికే అర్థం కాదు. ద్వారకా తిరుమల గుట్ట మీద పంట లేదు, గని లేదు, పక్కన జీవనది లేదు. అయినా అక్కడ నిత్యం వర్తకం సాగుతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరు పొందింది గాని, ఆ ఉల్లి పండేది ఆ ఊళ్లో కాదు. దీనికి విరుద్ధంగా కొల్లేటి లంక గ్రామాల చుట్టూ చేప ఉంది, నీరు ఉంది, పక్షి ఉంది. కాని ఆ సంపద మధ్యనే అక్కడి మత్స్యకారుడు పేదగా మిగిలాడు. ఉన్నది ఏమిటన్న ప్రశ్న ఈ మూడు స్థితులనూ వివరించలేదు. వీటిని ఒకే చట్రంలో వివరించే ప్రయత్నమే ఈ వ్యాసం.

2. రెండు కల్పిత నగరాలు:

ప్లేటో ‘రిపబ్లిక్’ రెండవ భాగంలో సోక్రటీస్ మాటలతోనే ఒక నగరాన్ని నిర్మిస్తాడు. దానికి పునాది మనిషి అవసరం. ఎవరికి వారు చాలరు కాబట్టి రైతు, ఇల్లు కట్టేవాడు, నేతగాడు, చెప్పులు కుట్టేవాడు ఒకచోట చేరతారు. ఆ వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. బయటి సరుకు అవసరం లేని చోట నగరాన్ని నిలపడం దాదాపు అసాధ్యం. బయటి నుంచి తెచ్చుకోవాలంటే వారికి ఇవ్వడానికి తన దగ్గర మిగులు ఉండాలి. ఆ విధంగా వర్తకుడు, నావికుడు, అంగడి, నాణెం ఆ నగరంలోకి ప్రవేశిస్తాయి. అంటే వర్తకం నగరానికి తర్వాత చేరిన అలంకారం కాదు. లేమి నుంచి పుట్టిన అవసరం.

రెండవది జర్మన్ ఆర్థికవేత్త జొహాన్ హైన్రిఖ్ ఫాన్ ట్యూనెన్ 1826లో ప్రచురించిన గ్రంథంలోని ‘ఏకాంత రాజ్యం’. అందులో అంతటా ఒకే సారం గల మైదానం, దాని నడుమ ఒకే నగరం ఉంటాయి. ఓడలు నడిచే నది గాని, కాలువ గాని ఉండవు. సరుకంతా గుర్రపు బండ్ల మీదే రావాలి. దూరం పెరిగేకొద్దీ బండిలోని ధాన్యంలో కొంత భాగం గుర్రాల మేతకే పోతుంది. కాబట్టి త్వరగా చెడిపోయే పాలు, కూరగాయలు, రవాణాకు భారమైన కట్టెలు నగరానికి దగ్గరగాను, ధాన్యం దూరంగాను, తమంతట తాము నడిచి రాగల పశువులు అన్నిటికన్నా దూరంగాను వలయాలుగా ఏర్పడతాయి.

ప్లేటో నగరం వర్తకం ఎందుకు అవసరమో చెబుతుంది. ట్యూనెన్ నగరం రవాణా ఖర్చు వర్తకాన్ని ఎలా మలుస్తుందో చెబుతుంది. అయితే లెక్క సులువు కావడానికి ట్యూనెన్ నేలలోని తేడాలన్నిటినీ తొలగించాడు. మన ప్రాంతంలో ఊళ్లను బతికించింది సరిగ్గా ఆ తేడాలే.

3. మూడు నేలల కలయిక:

ఏలూరు పరిసరాల్లో మూడు రకాల నేల ఉంది. ఉత్తరాన ఎర్రనేలల మెట్ట. ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి ఈ మెట్టలోనివి. దక్షిణాన కృష్ణా, గోదావరి డెల్టాల పల్లపు భూమి. ఆ రెండు డెల్టాల నడుమ కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు మెట్ట నుంచి కొల్లేటిలోకి వస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రాన్ని చేరుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852), బెజవాడ ఆనకట్ట (1852–1855) పూర్తయ్యాక తవ్విన కాలువలు ఈ తేడాను మరింత స్పష్టం చేశాయి. గోదావరి ఏలూరు కాలువ డెల్టాకు ఉత్తరపు అంచున సాగుతుంది. దానికి దిగువన నీరు పారే పల్లం, ఎగువన వాన మీద, చెరువు మీద, తరువాతి కాలంలో బోరుబావి మీద ఆధారపడిన మెట్ట. తాడేపల్లిగూడెం, భీమడోలు, ఏలూరు ఈ అంచు వెంట ఉన్న ఊళ్లే. రెండు ధ్వనులు కలిసి మార్పు చెందే చోటును వ్యాకరణం సంధి అన్నట్లే, రెండు నేలలు కలిసి సరుకు చేతులు మారే చోటును ఈ వ్యాసం ‘సంధిస్థలం’ అని వ్యవహరిస్తుంది.

4. ద్వారకా తిరుమల: రాకపోకలే వనరు:

‘చిన్న తిరుపతి’గా ప్రసిద్ధమైన ద్వారకా తిరుమల ఏలూరుకు సుమారు 42 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలు ఊరి దాకా రాదు. సమీప స్టేషను భీమడోలు. భక్తుడి చేతిలోని కొబ్బరికాయ గాని, ప్రసాదంలోని బియ్యం, నెయ్యి గాని ఆ గుట్ట మీద పుట్టినవి కావు. ట్యూనెన్ లెక్కలో సరుకు కొనుగోలుదారుడి వద్దకు ప్రయాణిస్తుంది. యాత్రాస్థలంలో కొనుగోలుదారుడే తన ఖర్చుతో సరుకు వద్దకు వస్తాడు. సాంకేతికత తక్కువగా ఉన్న ఊరికి ఇది గొప్ప వెసులుబాటు. రవాణా భారంలో పెద్ద భాగాన్ని యాత్రికుడే మోస్తాడు.

ఈ రాకపోకలను స్థిరపరిచిన అంశాలు మూడు. మొదటిది పెట్టుబడి. విమానం, మంటపం, గోపురం, ప్రాకారాలను మైలవరం జమీందారు ధర్మా అప్పారావు (1762–1827) నిర్మించారని, బంగారు ఆభరణాలను, వెండి వాహనాలను అదే సంస్థానపు రాణీ చిన్నమ్మరావు సమర్పించారని ఆలయ చరిత్ర చెబుతుంది. వ్యవసాయ శిస్తుగా ఇతర గ్రామాల నుంచి వచ్చిన మిగులు ఈ విధంగా పంట లేని గుట్ట మీద స్థిరమైన నిర్మాణంగా మారింది.

రెండవది కాలం. ఇక్కడ మూలవిరాట్టులు ఇద్దరు కావడం వల్ల ఏటా రెండు కల్యాణోత్సవాలు జరుగుతాయి: ఒకటి వైశాఖంలో, మరొకటి ఆశ్వయుజంలో. నేటి డెల్టా సేద్యంలో వైశాఖం దాళ్వా కోతలు ముగిసే కాలం. ఆశ్వయుజం సార్వా నాట్లు పూర్తయి, కోతలకు ఇంకా వ్యవధి ఉన్న కాలం. ఉత్సవాలకు కారణం సేద్యమని చెప్పలేం గాని, పల్లపు రైతుకు తీరిక దొరికే రోజులతో అవి పొసగుతున్నాయని గమనించవచ్చు. ఇవి గాక పెళ్లి ముహూర్తాలు ఏడాది పొడవునా గిరాకీని పంచుతాయి.

మూడవది నియమం. పెద్ద తిరుపతికి మొక్కుకొని వెళ్లలేనివారు ఆ మొక్కును చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చునని, చిన్న తిరుపతి మొక్కును మాత్రం ఇక్కడే చెల్లించాలని భక్తుల విశ్వాసం. భక్తిపరంగా దీని అర్థం వేరు. ఆర్థికంగా చూస్తే, ఇది దూరప్రయాణం చేయలేని వారికి దారి తెరుస్తూనే, ఇక్కడికి రావలసిన యాత్రికుడు మరోచోటికి మళ్లకుండా చూసే ఏకదిశా నియమం. పెద్ద క్షేత్రం నీడలో చిన్న క్షేత్రం నిలదొక్కుకోవడానికి ఇది ఎంతో దోహదం చేస్తుంది.

అయితే యాత్రికుడు తెచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది? దుకాణాలు, కొబ్బరికాయల విక్రయం, తలనీలాల సేకరణ వంటి హక్కులను బహిరంగ వేలం ద్వారా అప్పగించడం దేవాదాయ పాలనలో సాధారణ పద్ధతి. వేలంపాట ఎంత పెరిగితే దేవస్థానానికి అంత రాబడి. ఆ భారాన్ని పాటదారు ధరలోకి నెడతాడు. ధర పెంచలేని చిల్లర వర్తకుడి ఆదాయం ఆ మేరకు తగ్గుతుంది. వనరు యాత్రికుడే అయినప్పుడు, యాత్రికుడు నడిచే దారిలో నిలబడే హక్కే అసలు ఆస్తి.

5. ఏలూరు: తేలికైన సరుకు, తేలికైన రవాణా:

ఏలూరు తివాచీల నేత పారశీక మూలాలు గల నేతగాళ్లతో మొదలైందని సంప్రదాయం. తడి నేలల డెల్టా గొర్రెల మందలకు అనువైనది కాదు కాబట్టి ముడిసరుకైన ఉన్ని బయటి నుంచి రావాలి. మగ్గం, ముడి వేసే వేళ్లు, రంగుల ఎరుక – ఇవే సాధనాలు. బరువుతో పోల్చితే తివాచీ విలువ ఎక్కువ. అది చెడిపోదు, మడిచి ఎంత దూరమైనా పంపవచ్చు. అందుకే 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు చేరగలిగాయి. ముడిసరుకు లేని ఊరు నైపుణ్యాన్నే ఎగుమతి చేసిన సందర్భం ఇది. అయితే నైపుణ్యం కూడా తరిగిపోయే వనరే. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో చవకైన రసాయనిక రంగులు, జైళ్లలో ఖైదీలచేత నేయించిన తివాచీలు భారతీయ తివాచీ నాణ్యతను, ధరను దెబ్బతీశాయి. దూరపు మార్కెట్టు మీద నేతగాడికి పట్టు లేకపోవడమే అతని బలహీనత.

ఏలూరు రెండవ ఆధారం కాలువ. విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ ఏలూరులో కలుస్తాయి. లాకుల ద్వారా పడవలు ఒక కాలువ మట్టం నుంచి మరొక కాలువ మట్టానికి మారేవి. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు – ఇంతే సాంకేతికత. అయినా నేల మీద బండి మోయలేనంత బరువును నీటి మీద కొద్దిమంది లాగగలరు. భారతదేశానికి రైలు మార్గాలకన్నా జలమార్గాలే చవకైన రవాణా అని ఆర్థర్ కాటన్ పట్టుబట్టడానికి కారణం ఈ లెక్కే. చరిత్ర ఆయన వాదన వైపు నిలవలేదు. 1900లో రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన పూర్తయ్యాక మద్రాసు – హౌరా రైలు మార్గానికి గోదావరి అడ్డు తొలగింది. వేగం రైలుకు దక్కింది. కాలువ క్రమంగా సేద్యానికే పరిమితమైంది.

సంధి మాత్రం చెదరలేదు. కాలువ ఏ అంచు వెంట సాగిందో ఇంచుమించు అదే అంచు వెంట రైలు, రహదారి కూడా సాగాయి. కర్నూలు ప్రాంతం నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చే ఉల్లి తాడేపల్లిగూడెంలో దిగి గోదావరి జిల్లాల వైపు పంపిణీ కావడం ఆ సంధిస్థల స్వభావానికి నేటి నిదర్శనం.

6. కొల్లేరు: నిల్వ లేని సంపద:

క్రీ.శ. 537–538 ప్రాంతంలో ఇటలీలో ఉన్నతాధికారిగా ఉన్న కాసియోడోరస్ ఒక లేఖలో వెనీషియా తీరపు ఉప్పునీటి కయ్యల్లో నివసించే జనాన్ని వర్ణించాడు. వారి ఇళ్లు నీటిపక్షుల గూళ్లను తలపిస్తాయి. తిండికి చేప, అమ్మకానికి ఉప్పు. ఇళ్ల ముందు పశువులకు బదులు పడవలు. తర్వాతి శతాబ్దాల్లో వెనిస్ మహానగరం ఎదిగింది ఆ కయ్యల్లోనే. తాటిదోనెలు, వలలు, మావులతో బతికిన కొల్లేటి లంక గ్రామాల చిత్రం ఆ వర్ణనకు దూరమైనది కాదు. మరి ఆ దారి కొల్లేటికి ఎందుకు తెరుచుకోలేదు?

దీనికి కారణాలు అనేకం. వర్తక దృష్టితో చూస్తే ముఖ్యమైన తేడా నిల్వ. ఉప్పు చెడదు, అందరికీ కావాలి, దాదాపు నాణెంలా చేతులు మారుతుంది. పట్టిన చేప పూట గడిస్తే పనికిరాదు. ఎండబెట్టిన చేప కొంతకాలం నిలుస్తుంది గాని దాని విలువ పరిమితం. అందువల్ల మంచు రాక ముందు కొల్లేటి చేప గట్టు మీది ఊళ్ల సంతలను దాటి ఎక్కువ దూరం పోలేకపోయింది.

మంచు, లారీ, రోడ్డు వచ్చాక ఈ పరిమితి తొలగింది. కాని అప్పటికి హక్కు ప్రశ్న ముందుకొచ్చింది. 1970ల మధ్యలో ప్రభుత్వం సహకార సంఘాల ద్వారా చేపల చెరువులను ప్రోత్సహించింది. తర్వాత కాలంలో లీజుల రూపంలో చెరువులు బయటి పెట్టుబడి చేతికి చేరాయి. బొచ్చె, రాగండి చేపలు మంచులో పెట్టుకొని కోల్‌కతా దాకా, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్లాయి. ఉమ్మడి నీటిలో వల వేసిన మత్స్యకారుల్లో చాలామంది గట్లు వేసిన చెరువు మీద కూలీలయ్యారు. వరదనీటికి చోటు తగ్గింది. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లను ధ్వంసం చేశారు. గట్లు తెగాయి గాని, ఒకప్పటి ఉమ్మడి హక్కు దానంతట అది తిరిగి రాలేదు. పెట్టుబడిదారుడు మరోచోటికి తరలగలడు. లంక గ్రామస్థుడికి మరో చోటు లేదు. ఈ సమష్టి జీవనాన్ని, దాని విచ్ఛిన్నాన్ని అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలగా మలిచారు. ఆర్థిక చరిత్ర పరిశోధకులకు కూడా అది ఉపయుక్తమైన రచన.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. వనరుల లేమి దానంతట అది ఊరిని పేదను చేయదు. వనరుల సమృద్ధి దానంతట అది ఊరిని సంపన్నం చేయదు. ద్వారకా తిరుమల మొదటి మాటకు, కొల్లేరు రెండవ మాటకు నిదర్శనాలు.

2. సాంకేతికత తక్కువగా ఉన్న చోట వర్తకం నిలవాలంటే మూడింటిలో ఒకటైనా ఉండాలి: తేలికగా మోయగల విలువైన సరుకు (తివాచీ), బరువును తేలికచేసే మార్గం (కాలువ), లేదా కొనుగోలుదారుడే నడిచి వచ్చే కారణం (క్షేత్రం). నిల్వకు ఆగని సరుకు ఈ మూడింటికీ దూరం.

3. మార్గాలు మారతాయి. పడవ పోయి రైలు వస్తుంది, లారీ వస్తుంది. నేలల మధ్య తేడా ఉన్నంత కాలం సంధిస్థలం మిగులుతుంది. ట్యూనెన్ మైదానంలో లోపించింది ఇదే.

4. సంధిపై హక్కు ఎవరిదన్నదే నిర్ణాయకం. వేలంపాట, లీజు, అభయారణ్య ప్రకటన – వీటిలో ప్రతిదీ ఆ హక్కును చేతులు మార్చే సాధనమే.

ప్లేటో తన నగరాన్ని అవసరం అనే పునాది మీద నిర్మించాడు గాని, అంగడిలో నిలబడే చోటు ఎవరిదన్న ప్రశ్నను అక్కడ లేవనెత్తలేదు. ఏలూరు ప్రాంత చరిత్ర ఆ ప్రశ్నను మన ముందుంచుతుంది. ఇక్కడి ఊళ్ల ఆర్థిక జీవనంపై ఇకముందు జరిగే పరిశోధనలు ఉత్పత్తి లెక్కలతో పాటు ఈ హక్కుల చరిత్రను కూడా నమోదు చేయవలసి ఉంది.